తలుపుకి కట్టిన ఎర్ర ట్యాగు

ఇప్పుడంటే మా ఆఫీసులో ఏడాదికోసారి ఏసీ గదిలో కూర్చోబెట్టి, చేతికో సమోసా ఇచ్చి, "నీ లక్ష్యాలేమిటి?" అని అడుగుతున్నారు గానీ, నేను డిప్లొమా పూర్తిచేసి, ఈ హిందీ ఊళ్లో సీతారాండేరా అనే పేటలో ఖాళీగా తిరిగే ఆ రోజుల్లో ఎవరూ అడక్కుండానే జవాబు చెప్పేవాణ్ణి. ఫోన్లో వీడియోలు చూసి చూసి నాకు లక్ష్యాల జబ్బు పట్టుకుంది. తెల్లారగట్ల నాలుక్కి లేవడం, చన్నీళ్ల స్నానం, ధ్యానం, గడగడా ఇంగ్లీషు, సిక్స్ ప్యాకు, పంచదార బంద్ (ఇది అమ్మ టీ ఇచ్చేదాకానే)... వీటన్నిటి మధ్యా ఎక్కడో ఓ మూల కంపెనీ ట్రైనీ పరీక్ష కూడా ఉండేది. ఇంట్లోవాళ్లకి కావలసింది ఆ మూలనున్నదొక్కటే. నాన్న కంపెనీలో ఫిట్టరు, ఆ ఏడాదే రిటైరవుతున్నాడు. రిటైరైతే క్వార్టరు ఖాళీ చెయ్యాలి. నాకు ఉద్యోగమొస్తే అందరం ఇక్కడే ఉంటాం, లేకపోతే సామాన్లు కట్టుకుని ఎటుపోవాలో ఎవరికీ తెలీదు. వయసు దాటిపోతోంది కాబట్టి నాకదే ఆఖరి ఛాన్సు.

చదువు సాగకపోవడానికి కారణం నేనని నాకు తట్టలేదు. "ఈ ఇంట్లో ఫోకస్ ఎక్కడుంటుంది నాన్నా? అమ్మ బియ్యానికొస్తుంది, చెల్లి దువ్వెనకొస్తుంది, నాయనమ్మ చుట్టకొస్తుంది" అని ఫిర్యాదు చేశాను. (ఉన్నవి రెండు గదులు. నాయనమ్మ చుట్టల డబ్బా నా గదిలో ట్రంకుపెట్టె మీద ఉండేది. ఆవిడ నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగే శ్రీకాకుళం మనిషి.)  మర్నాడు నాన్న డ్యూటీనించి ఓ పాత ఎర్ర ట్యాగు తెచ్చి నా చేతిలో పెట్టాడు.

కంపెనీలో మిషను ఆపి రిపేరు చేసేటప్పుడు దాని స్విచ్చికి కడతారు దాన్ని. కట్టినవాడే విప్పాలి, ఇంకొకడు ముట్టుకోకూడదు. ఓసారి ఎవడో తొందరపడి విప్పేస్తే నాన్న జోడీదారుకి రెండు వేళ్లు పోయాయట. "ఇది తలుపుకి కట్టుకో. ఇదున్నంతసేపూ ఎవులూ లోపలికి రారు" అన్నాడు.

అబ్బ, ఏం వైభోగం! ట్యాగు కట్టానంటే ఇంట్లో గిన్నె చప్పుడు కూడా ఉండేది కాదు. లోపల నేను దీక్షగా, ఫోకస్ పెంచుకోవడం ఎలా అనే వీడియోలు చూసేవాణ్ణి. బయట నాయనమ్మ చుట్టలేక "ఈడి సదువు సల్లగుండ, నా పేనం తీత్తన్నాడు" అని గోడకి చెప్పుకునేది.

పరీక్ష రోజు రానే వచ్చింది. నాలుక్కే లేచాను, చన్నీళ్లు పోసుకున్నాను, ట్యాగు కట్టి, చెవుల్లో ధ్యానం సంగీతం పెట్టుకుని పద్మాసనం వేశాను. ఆ తరవాత జరిగింది చెల్లి చెప్పగా విన్నదే, ఎందుకంటే నేను కూర్చున్నవాణ్ణి కూర్చున్నట్టే నిద్రపోయాను.

నాన్న నైట్ డ్యూటీ దిగి, నన్ను గోవింద్‌పూర్‌లోని పరీక్ష సెంటరుకి తీసుకెళ్దామని వచ్చేసరికి తలుపుకి ట్యాగుంది. లోపల గడియ కూడా పెట్టలేదు, తోస్తే తెరుచుకునేదే. పిలిచారు, తలుపు బాదారు, నా చెవులకి సంగీతం. చెల్లి కిటికీలోంచి తొంగిచూసి "పాపా, భయ్యా తో ఖర్రాటే మార్ రహా హై!" అంది (నాన్నా, అన్నయ్య గుర్రు పెడుతున్నాడని).

"ఏటండీ అలా సూత్తన్నారు? తీసీండి!" అంది అమ్మ.

"కట్టినోడే ఇప్పాల" అన్నాడు నాన్న.

"ఓరి నీ రూలు మండ! ఆడేటి, మిషనా? ఇల్లు పోతాదిరా!" అని నాయనమ్మ అరిచిందట.

నాన్న చెయ్యి ట్యాగుదాకా వెళ్లి ఆగింది, మళ్లీ వెళ్లింది, మళ్లీ ఆగింది.  చివరికి కళ్లు మూసుకుని విప్పేశాడు. నేను కళ్లు తెరిచేసరికి ఎదురుగా నాన్న, వెనక చుట్టల డబ్బాకేసి పరిగెడుతున్న నాయనమ్మ. ఒక్క తిట్టు లేదు. "పద" అన్నాడంతే. సెంటరు గేటు మూసేస్తుంటే, ఎవరినీ ఏదీ అడగని మనిషి, గార్డుకి రెండు చేతులూ జోడించాడు. నాకు సిగ్గుతో ప్రాణం చచ్చిపోయింది. "ఎల్లి వచ్చింది రాయి. బుర్రలో మరింకేటీ ఎట్టుకోకు" అన్నాడు. బుర్రలో ఇంకేమీ లేకుండా నేను కూర్చున్నది జీవితంలో ఆ పూటే. పాసైనవాళ్ల లిస్టులో ఆఖర్న నా పేరొచ్చింది.

నాన్న రిటైరైన రోజు వర్క్‌షాపులో మా ఇంటిల్లిపాదినీ పిలిచి చిన్న మీటింగు పెట్టారు. దొడ్డ ఆఫీసరొకాయన హిందీలో తెగ పొగిడి, "సర్వీసు మొత్తంలో ఇంకొకరి ట్యాగు ముట్టుకోని మనిషి!" అన్నాడు. అందరూ చప్పట్లు. నాన్న మెడలో దండకేసి చూసుకున్నాడు, తరవాత నాకేసి చూశాడు. అర్థం కాని హిందీని చెల్లి చేత చెప్పించుకున్న నాయనమ్మ మాత్రం ఊరుకుంటుందా? "ఒక్కసారి ముట్టుకున్నాడ్లేవయ్యా బాబూ" అని గట్టిగానే అంది. తెలుగు రాని ఆఫీసరు, అమ్మగారు ఆశీర్వదించారనుకుని వంగి దణ్ణం పెట్టాడు.

పొట్ట ఇప్పటికీ ఒకటే ప్యాకు, టీలో పంచదార రెండు చెంచాలు. ఏటా ఆ ఏసీ గదిలో నా లక్ష్యాలు అడిగినప్పుడల్లా ఏవో నాలుగు పెద్దమాటలు చెప్పి సమోసా తినేస్తాను. పద్మాసనంలో గుర్రు పెడుతున్న ఆ కుర్రాణ్ణీ, తలుపు దగ్గర ఆగిపోయిన ఆ చేతినీ తలుచుకుంటే నవ్వొస్తుంది, గొంతులో ఏదో అడ్డం కూడా పడుతుంది. సమోసా అనుకుంటారు పక్కవాళ్లు, మంచినీళ్లందిస్తారు.