గని గేటు ముందు గుమ్మడికాయ

గనిలో డంపరు నడిపే ఉద్యోగం దొరికిన రోజు మా ఆయన నా కొడవలిని చూరులో దోపాడు. "ఇంక నువ్వు కూలికి పోవద్దు" అన్నాడు. సంగనకల్లు రోడ్డు మీద ఖనిజం లారీలు తప్ప మనుషులు కనబడని కాలమది.

తర్వాత యూనియన్‌లో చేరాడు. సమ్మెలో సూపర్‌వైజరును కొట్టాడని పనిలోంచి తీసేశారు. కొట్టడం మాట అటుంచి, ఆ మనిషికి ఇంట్లో పిల్లిని అదిలించడం కూడా చేతకాదు.

లేబర్ కోర్టు మా మాటే నమ్మి, తిరిగి పనిలో పెట్టుకోమంది. వీధంతా చక్కెర పంచాను. ఆ తీపి నోట్లో ఉండగానే యాజమాన్యం ధార్వాడ హైకోర్టుకు పోయి స్టే తెచ్చింది. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు. మాకు పూజారి ఇచ్చాడు, దేవుడే అడ్డం పడ్డాడు.

"పైకోర్టులో మళ్లీ సాక్షుల్ని పిలవరమ్మా. కింది జడ్జి సరిగ్గా చూసినాడా లేదా, అదొకటే చూస్తారు. అంతవరకు సుమ్నే ఇంట్లో ఉండండి, గేటు దిక్కు పోవద్దండి" అన్నాడు మా లాయరు.

"కొట్టలేదని ఒకసారి తేలినంక ఇంకేం చూస్తారప్పా?" అన్నాను. ఆయన నవ్వాడు. నాకు ఒళ్లు మండింది.

ఇంతలో ఆయుధ పూజ వచ్చింది. మా ఆయన గుమ్మడికాయ, నిమ్మకాయలు, కుంకుమ సంచిలో వేసుకున్నాడు.

"యాడికి?"

"బండి కాడికి. ఇన్నేండ్లు అన్నం పెట్టిండాది. పూజ లేకుండా ఇడిస్తే ఎట్ల?"

"స్టే ఉండాది కదా!"

"స్టే నాకు, బండికి కాదు. దేవుని పనికి ఎవరేమంటారు?"

నోరు నొప్పి పుట్టేదాకా చెప్పాను. వినలేదు. వాచ్‌మన్ లోపలికి పోనివ్వకపోతే, డంపరు కనబడేలా గేటు ముందే నిలబడి గుమ్మడికాయ పగలగొట్టి వచ్చాడు. ఆఫీసువాళ్లు ఫొటో తీశారు.

ధార్వాడలో వాళ్ల లాయరు ఆ ఫొటోనే చూపించాడు. చేతులెత్తిన మనిషి, గేటు నిండా ఎర్రటి మరకలు. కుంకుమేనని మా లాయరు చెబుతూనే ఉన్నాడు. కోర్టు బయట ఆగిన కార్లకు అదే పూజ బొట్లు, ఎండిన బంతిపూల దండలు. లోపల మాత్రం అది దౌర్జన్యమైంది. కింది కోర్టు యాజమాన్యం సాక్ష్యాన్ని సరిగా తూచలేదని, విచారణ మళ్లీ జరపమని జడ్జి చెప్పాడు. ఫొటో వల్ల పోయిందో, అది లేకపోయినా పోయేదో, ఈనాటికీ నాకు తెలియదు. మా ఆయన మీద కోపం మాత్రం పోలేదు.

కేసు మొదటికొచ్చింది. అది తేలకముందే గనులు మూతపడ్డాయి, డంపర్లు ఎటో వెళ్లిపోయాయి.

మరుసటి దసరాకు మా ఆయన కుంకుమ పళ్లెం పట్టుకుని ఇల్లంతా చూశాడు. పూజకు ఏమీ లేదు. చివరికి చూరులోంచి కొడవలి తీసి, కడిగి, బొట్టు పెట్టాడు. ఎమ్మిగనూరులో వరి కోతలకు మనుషులు కావాలని అప్పటికే కబురొచ్చింది.

మర్నాడు కొడవలి నా చేతికిస్తూ తలెత్తలేదు.

"సాన పట్టిచ్చుకొని వచ్చినాను" అన్నాడు. "చెయ్యి బద్రం."