అల్లుడుగారు బిడ్డకు లాల పోసిన రోజు

పెద్దమ్మాయికి పురుడు మా ఊళ్ళోనే జరిగింది. తర్వాత తల్లినీ పాపనీ ద్వారకలో దింపడానికి వచ్చి, నేనూ కొన్నాళ్ళు అక్కడే ఉండిపోయాను. ద్వారకకు మెట్రో కొత్తగా వచ్చిన రోజులవి.

అమ్మాయి సెలవు అయిపోవస్తోంది. దాని ఆఫీసు గుర్గావ్‌లో. తెల్లవారగానే కారు వచ్చి తీసుకుపోతుంది. అల్లుడుగారు మధ్యాహ్నం బయలుదేరితే చాలు. కాబట్టి ఉదయం పాపకు నీళ్ళు పోసి, పాలు పట్టి, కింది అంతస్తులో పిల్లల్ని చూసే ఆంటీ దగ్గర దింపే పని ఆయనది కావాలి. నేను ఉండిపోవడానికి లేదు. మా ఊళ్ళో చిన్నమ్మాయికి నెలలు నిండుతున్నాయి.

ఒక ఆదివారం అల్లుడుగారు పేపర్లో ఒక వ్యాసం తెరిచి పట్టుకుని వచ్చి కూర్చున్నారు.

"ఇది నా మాట కాదు అత్తయ్యగారూ, సైన్సు. ఆదిమానవుడు వేటకు పోయేవాడు, ఆడది గుహలో పిల్లల్ని సాకేది. లక్షల ఏళ్ళు అలా గడిచి అదే రక్తంలోకి దిగిపోయింది. పాప ఎందుకు ఏడుస్తోందో మీ అమ్మాయికి తెలిసినట్టు నాకు తెలియదు. అందుకే తను ఉద్యోగం మానేస్తే మంచిదంటున్నాను."

అమ్మాయి తల వంచుకుని పాప లాగు మడత పెడుతోంది. "నిజమేనేమో అమ్మా. ఆయన ఎత్తుకుంటే గుక్కపెడుతుంది, నేను తీసుకుంటే ఊరుకుంటుంది" అంది.

నేను మూడో తరగతిలో బడి మానేసినదాన్ని. మానిపించినవాళ్ళూ ఇదే అన్నారు, ఆడపిల్ల పుట్టుకే ఇంటిపనికని. వాళ్ళ చేతిలో పేపరు లేదు, అంతే తేడా. అప్పుడు ఎదురు చెప్పే వయసు కాదు నాది. ఇప్పుడు ఆ వయసు వచ్చి చాలాకాలమైంది.

అల్లుడుగారి బాబాయి కూతురు మునిర్కాలో గది తీసుకుని, దగ్గర్లోని యూనివర్సిటీలో చదువుకునేది. ఆదివారాలు పప్పన్నం కోసం వచ్చేది. ఆ రోజూ వచ్చి, కంచం ముందు నుంచే మాట అందుకుంది.

"అది తేలిన సంగతేం కాదన్నయ్యా. మా క్లాసులో దీని మీద రోజూ కొట్టుకుంటారు. గుహలో ఎవరు ఎవర్ని ఎత్తుకున్నారో చూసొచ్చినవాళ్ళు లేరు. మగకోతులు పిల్లల్ని మోసే జాతులు కూడా ఉన్నాయి తెలుసా?"

"అయితే నన్ను కోతిలో కలిపేశావు."

"నువ్వేగా మొదలెట్టావు, అక్కణ్ణుంచే వచ్చామని."

"సరే, మరి పాలు ఆడవాళ్ళకే ఎందుకు పడతాయి?"

అప్పుడు నేను నోరు విప్పాను. "పాలు పడటం ఒంటి పనే అల్లుడుగారూ, దాన్ని ఎవరూ కాదనరు. బిడ్డను పట్టుకోవడం నేర్చుకునే పని. అయినా మీ రక్తంలో వేట ఉంటే, ఆ కూరలబండి భయ్యా మీకు రోజూ పుచ్చువంకాయలు ఎలా అంటగడుతున్నాడు?"

ఆ పిల్లకు పొలమారింది. అల్లుడుగారు కూడా నవ్వారు గానీ పేపరు మడవలేదు.

ఆ పూటంతా ఆలోచించాను. నా తొలిచూలు బిడ్డకు నీళ్ళు పోసినప్పుడు నాకేం తెలుసు? కాళ్ళు వణికితే మా అత్తగారు తొడ మీద ఒక్కటిచ్చి, "దగ్గరగా పెట్టు, జారిపోతుంది" అన్నారు. రక్తం చెప్పలేదు, ఆవిడ చెప్పింది. మగవాళ్ళకు ఎవరు చెప్పారు? పీట మీద కూర్చుని కాళ్ళు చాపి, చీర మోకాళ్ళ దాకా ఎత్తి పోస్తాం కాబట్టి తలుపు వేసుకుంటాం. తలుపు బయట ఉన్నవాడికి ఏడుపు వినిపిస్తుంది తప్ప పని కనిపించదు.

మర్నాడు స్నానాల గది తలుపు బార్లా తీసి అల్లుడుగారిని పిలిచాను. అంతవరకు ఆయన ఎదుట నేను కుర్చీలో కూర్చుని ఎరగను.

"అమ్మా, ఆయన ఉన్నారు" అంది అమ్మాయి, మోకాళ్ళ దాకా ఎత్తిన నా చీర చూసి.

"చూడటానికే రమ్మన్నాను."

మోచెయ్యి ముంచి వేడి చూడటం, పాపను కాళ్ళ మీద బోర్లా వేయడం, సున్నిపిండి మడతల్లో రుద్దడం, నుదుటికి చెయ్యి అడ్డం పెట్టి నీళ్ళు పోయడం, అన్నీ చూపించాను. సగం బకెట్టు చాలు, టాంకర్ నీళ్ళు వృథా చేయొద్దని కూడా చెప్పాను. తర్వాత ఆయన నిక్కరు వేసుకుని పీట మీద కూర్చున్నారు. ఆయన కాళ్ళూ వణికాయి. తొడ మీద కొట్టలేను కదా, "దగ్గరగా పెట్టండి" అన్నాను.

అమ్మాయి ఆఫీసులో చేరే రోజు ఉదయం కింద కారు హారన్ కొడుతోంది. లోపల అల్లుడుగారు నీళ్ళు పోస్తుంటే పాప ఏడుపు ఆకాశాన్ని అంటుతోంది. అమ్మాయి బ్యాగు భుజాన వేసుకుని గుమ్మంలో నిలబడిపోయింది.

"ఒక్కసారి వెళ్ళి తీసుకో అమ్మా."

"నువ్వు కారెక్కు."

"నేను ఎత్తుకుంటే ఊరుకుంటుంది."

"ఆయన దగ్గరా ఊరుకుంటుంది. ముందు ఏడవనీ. వెళ్ళు."

కళ్ళు తుడుచుకుని మెట్లు దిగింది. నేను కుర్చీలోంచి లేవలేదు. లేవకుండా ఉండటానికి రెండు చేతులతో కుర్చీని పట్టుకోవాల్సి వచ్చింది.

"అత్తయ్యగారూ, ముక్కులోకి నీళ్ళు పోయాయేమో."

"తల పక్కకు తిప్పండి. పోయడం మానకండి."

కాసేపటికి ఏడుపు వెక్కిళ్ళలోకి దిగి ఆగింది. ఆయన తువ్వాల్లో చుట్టిన పాపతో బయటికొచ్చారు. పాప కంటే ఆయనే ఎక్కువ తడిశారు.

ఆ వ్యాసం తప్పని ఆయన ఆ రోజూ అనలేదు, తర్వాతా అనలేదు. అనమని నేనూ అడగలేదు.

"చెవుల వెనక పిండి ఉండిపోయింది. తుడిచి, నాకు రైలు టికెట్టు తీసుకోండి" అన్నాను.