బ్లాస్టింగుకు లేవని మనిషి

రాజకుమారి ఆ ఇంట్లో గది అద్దెకు తీసుకుని ఆరు నెలలైంది. ఈ ఆరు నెలల్లో ఆమె గొంతు సగానికి సగం పడిపోయింది. జలుబు కాదు, జబ్బు కాదు. ఇంటాయన ఎల్లేశం బొగ్గు బాయిలో పనిచేస్తాడు, లోపల కప్పు కూలకుండా ఆసరా కట్టే పని. వారానికో షిఫ్టు మారుతుంది, షిఫ్టుతో పాటే ఇంటి చట్టమూ మారుతుంది. ఫస్ట్ షిఫ్టు వారం పొద్దుగూకితే మాట బంద్. నైట్ షిఫ్టు వారం పగలంతా బంద్. సెకండ్ షిఫ్టు వారం బారెడు పొద్దెక్కిందాకా బంద్. ఆయన భార్య పూలమ్మ అయితే ఆ పూట ఏం కూర వండిందో కూడా చేతి సైగతోనే చెబుతుంది.

రాజకుమారిది రామగిరి దగ్గర పల్లె. గోదావరిఖనిలో బీఎడ్ చదువుతోంది. కాలేజీకి ఆడపిల్లల హాస్టల్ లేదని కాదు. ఉంది, రంగులు కూడా వేశారు. ప్రారంభించాల్సిన పెద్దమనిషికి తీరిక దొరక్క మూడేళ్లుగా తాళం వేలాడుతోంది. పిల్లలు మాత్రం ఇల్లిల్లూ తిరిగి గదులు వెతుక్కుంటున్నారు.

పోయిన వారం ఆమె వేణుమాధవ్ సార్ ముందు పాఠం చెప్పాల్సి వచ్చింది. ఎనిమిదో తరగతి పిల్లలకు చెప్పే బొగ్గు పాఠం. చివరి బెంచీలో కూర్చున్న సార్ సగంలోనే లేచి నిలబడ్డాడు.

"పాఠం చెప్తున్నవా అమ్మా, చాడీలు చెప్తున్నవా? ఒక్క ముక్క ఇనవడ్తలేదు."

క్లాసంతా నవ్వింది. ఈ శనివారం ఇంకొక్క అవకాశం ఇస్తానన్నాడు. అప్పుడూ గొంతు లేవకపోతే ప్రాక్టికల్ తప్పినట్టే, ఏడాది పోయినట్టే.

గట్టిగా చెప్పి అలవాటు చేసుకోవాలి. ఎక్కడ? గురువారం మధ్యాహ్నం డాబా ఎక్కి "పిల్లలూ!" అందో లేదో, పక్క డాబా మీద మిరపకాయలు ఆరబోస్తున్న అక్బరీ బేగం చేతులు జోడించింది.

"జర ఆహిస్తా బేటీ, మా మహమూద్‌ది నైట్ డ్యూటీ. ఇప్పుడే కన్ను మూసిండు."

పార్కుకు వెళ్లింది. రెండు వాక్యాలు పూర్తికాకముందే నలుగురు కుర్రాళ్లు ఫోన్లు పైకెత్తారు. "మల్లొక్కసారి చెప్పక్కా, రీల్ చేస్త!" లైబ్రరీ సంగతి చెప్పక్కర్లేదు, అక్కడ దగ్గినా తప్పే. చాయ్ బండి దగ్గర మగపిల్లలు గొంతులు చించుకుని వాదించుకుంటున్నారు. వాళ్లను ఆపేవాడు లేడు, ఫోనులో పట్టేవాడు లేడు. ఇంత ఊరు కట్టారు కానీ ఒక ఆడపిల్ల నోరు తెరిచి పాఠం చెప్పుకునే జాగా ఒక్కటి కట్టలేదు.

ఉడికిపోతూ ఇంటికొచ్చింది. చెప్పులు విడుస్తుండగా ఊరవతల ఓపెన్‌కాస్టు గనిలో బొగ్గు కోసం బ్లాస్టింగు జరిగింది. కిటికీలు గడగడలాడాయి. గిన్నె ఒకటి దొర్లి బండల మీద పడింది. గోడ పగుల్లోంచి సున్నం రాలింది. లోపలి గదిలో నైట్ షిఫ్టు చేసొచ్చి పడుకున్న ఎల్లేశం గురక మాత్రం ఇసుమంతైనా తప్పలేదు.

రాజకుమారికి ఒళ్లు మండింది. పుస్తకం తెరిచి, "బొగ్గు ఎలా ఏర్పడింది?" అని కొంచెం పైకే చదివింది.

గురక ఆగింది. మంచం కిర్రుమంది. ఎల్లేశం లుంగీ పట్టుకుని బయటికి ఉరికొచ్చాడు.

"ఏమైంది? ఎవలకేమైంది?"

"ఎవలకేం గాలే కాకా. పాఠం చదువుతున్న."

"పాఠమా! పాణం పోయినట్టయింది గదనే!"

"బ్లాస్టింగుకు లేవవు, గిన్నె వడ్డా లేవవు, నేను నోరు తెరిస్తే లేస్తవు! నామీదనే పగనా కాకా? గుసగుసలు పెట్టి పెట్టి నా గొంతు సచ్చింది. శనివారం గొంతు లేవకపోతే నా ఏడాది పోతది!"

పూలమ్మ అలవాటు కొద్దీ పెదాల మీద వేలు పెట్టింది. మనిషి లేవనే లేచాడని గుర్తొచ్చి తీసేసింది.

ఎల్లేశం కుర్చీలో కూలబడ్డాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"పగ గాదు బిడ్డా. బాయిల మిషన్లు మొత్తుకుంటయి, బొగ్గు పటపటమంటది. గవి మాకు లెక్కలేదు. మనిషి గొంతు లేసిందంటే మాత్రం కప్పు కూల్తున్నట్టు. ఉరకాలె. ఇరవై రెండేండ్లు గట్లనే బతికిన. నేను పండుకున్నా నా చెవులు డ్యూటీల్నే ఉంటయి."

ఇప్పుడు కోపం ఎవరిమీద పెట్టుకోవాలో రాజకుమారికి అర్థం కాలేదు. అది ఇంకా చిరాకు. పనివాణ్ణి నిద్రలో కూడా వదలని బాయి ఒకవైపు, తాళం వేసిన హాస్టల్ ఒకవైపు. మధ్యలో కొట్లాడుకోవలసింది మాత్రం తామిద్దరూ.

"మరి నేనెట్ల జెయ్యాలె?"

ఆయన తల గోక్కున్నాడు. "ఏం జెప్తవో ముందుగాల నాకు జెప్పు. తెలిసిన మాటలైతే లేవనేమో. డ్యూటీకి లేపుకుంట పూలమ్మ రోజు తిడ్తది, లేస్తున్ననా?"

"లేస్తే సిగ్గుపడాల్సొస్తదని లేవడు," అంది పూలమ్మ.

ఆయన అన్నం తింటుంటే రాజకుమారి ఎదురుగా నిలబడి పాఠమంతా చెప్పింది. ముప్పై కోట్ల ఏళ్ల కింద అడవులు మట్టిలో కూరుకుపోయాయనగానే ముద్ద ఆపాడు.

"గన్నేండ్ల సంది పండుకున్నదాన్ని లేపుడు మా పని. మమ్ముల లేపుడు నీ పని!"

బొగ్గు నుంచి వచ్చే తారు, కోక్, కరెంటు, అన్నీ వినిపించింది. ఆయన చెయ్యి కడుక్కుంటూ అడిగాడు.

"గంత జెప్పినవ్. దాన్ని ఎవలు తీస్తరో లేదా?"

"బుక్కుల లేదు కాకా."

శుక్రవారం ఆయన పడుకున్నాక ముందు గదిలో నిలబడి, గోడకు చెబుతున్నట్టు గొంతెత్తింది. అడవులు కూరుకుపోయాయి, గురక సాగింది. తారు వచ్చింది, గురక సాగింది. చివర్న తానే ఒక మాట కలిపింది: "ఈ బొగ్గును తీసేవాళ్లు మనం మేలుకున్నప్పుడు నిద్రపోతుంటారు, పిల్లలూ."

గురక టక్కున ఆగింది. "గా మాట ఎప్పుడు గలిపినవ్?" అని లోపల్నుంచి గొంతు వినిపించింది.

శనివారం చివరి బెంచీలో వేణుమాధవ్ సార్ చెవులు మూసుకున్నాడు. "ఇనవడ్డది తల్లీ. పక్క క్లాసు గూడ ఆగింది. గంత మొత్తుకునుడెందుకు?" విసుక్కుంటూనే సంతకం పెట్టాడు.

మధ్యాహ్నం ఎండలో ఇల్లు చేరేసరికి పూలమ్మ గుమ్మంలోనే పెదాల మీద వేలు పెట్టుకుని నిలబడి ఉంది. లోపల గురక. తాను చెప్పబోయే మాట ఆయనకు ముందుగా వినిపించినది కాదని రాజకుమారికి తెలుసు. లేస్తే లేవనీ అనుకుంది.

"కాకా! పాసైన!"

మంచం కిర్రుమంది. "ఏమైంది? ఎవలకేమైంది?"

"పిల్ల పాసైంది! ఎవలకేం గాలే, పండుకో!" అని కాలనీ అంతా వినపడేట్టు అరిచింది పూలమ్మ.