కర్నూలులో మూడు రోజులు, జగన్నాథగట్టు మీద ఒక సాయంత్రం

మైదుకూరులో మా అంగడికి పాత రేకులు తీసేసి ఈ మాఘమాసంలో స్లాబు వేయించాం. కింద పెట్టిన కర్రలు తీసేదాకా లోపలికి అడుగు పెట్టవద్దన్నాడు మేస్త్రీ. పెళ్ళయిన ఇరవై ఆరేళ్ళలో మా అంగడి రెండు రోజులకు మించి మూసింది లేదు. పొద్దున లేచి ఎక్కడికి పోవాలో తెలియక మా ఆయన వీధి అరుగు మీద కూర్చొని దిక్కులు చూస్తుంటే నాకే జాలేసింది. స్లాబు మీద నీళ్ళు నిలబెట్టే పని మా మరిదికి అప్పజెప్పి, "కర్నూలు పోదాం" అన్నాను. మాకు పట్నమంటే ప్రొద్దుటూరు, లేకుంటే కడప. కర్నూలును హైదరాబాదు పోయే బస్సు కిటికీలోంచి చూడడమే తప్ప దిగి నడిచింది లేదు.

నిజం చెప్పాలంటే నాకు ఇంకో కోరిక కూడా ఉంది. మా ఆయన పుట్టింది శ్రీశైలం డ్యాం నీళ్ళలో మునిగిపోయిన తుమ్మలపాయ అనే చిన్న ఊర్లో. ఊరు ఖాళీ చేసేనాటికి ఆయనకు ఏడేళ్ళు. శివరాత్రికి వాళ్ళంతా బండ్లు కట్టుకొని ఒక శివుడి గుడికి పోయేవాళ్ళట. మునిగిపోకుండా ఆ గుడిని రాయి రాయీ విప్పి తెచ్చి కర్నూలు పక్కన జగన్నాథగట్టు మీద మళ్ళీ నిలబెట్టారని మా అత్త చెప్పేది. ఆమె చూడకుండానే పోయింది. ఆ మాటెత్తితే మా ఆయనకు నచ్చలేదు. "ఊరు చూద్దామంటే చూద్దాం. ఆ గట్టు మాట మాత్రం ఎత్తొద్దు. రాళ్ళు తెచ్చి ఇంకో యాడనో పెడితే అది మా గుడి అయితాదా? సచ్చినోళ్ళ ఫోటో చూసినట్టుంటాది" అన్నాడు. సరేనని బట్టలు సర్దాను.

పొద్దున ఐదున్నరకు ఎక్స్‌ప్రెస్ బస్సెక్కాం. ఆధార్ కార్డు చూపిస్తే ఆడవాళ్ళకు టికెట్టు ఉచితం కాబట్టి ఖర్చు ఆయన ఒక్కడిదే, మూడు వందలు కూడా కాలేదు. చాగలమర్రి దాటాక తెల్లవారింది. ఆళ్ళగడ్డ, నంద్యాల మీదుగా రోడ్డుకు రెండు వైపులా నల్లరేగడిలో శనగ కోతలు సాగుతున్నాయి. పదిన్నరకు కర్నూలులో దిగి, బస్టాండు దగ్గరే రోజుకు ఏడు వందల గది తీసుకున్నాం. ఏసీ లేదు కానీ దుప్పట్లు ఉతికినవి, కుళాయిలో నీళ్ళు ధారగా వస్తున్నాయి. మా సీమవాళ్ళకు అంతకంటే ఏం కావాలి!

ఆ మధ్యాహ్నం కొండారెడ్డి బురుజుకు పోయాం. చుట్టూ ఆటోలు, పండ్ల బండ్లు, చెప్పుల దుకాణాలు, మధ్యలో ఎవరినీ పట్టించుకోకుండా నిలబడిన ఆ రాతి కట్టడాన్ని చూస్తే ఒళ్ళు పులకరించింది. ఇరుకు మెట్లెక్కి పైకి పోతే ఊరంతా కనబడుతుంది. ఒక పక్క తుంగభద్ర ఇసుక తిన్నెలు, సన్నటి నీటిపాయ, దూరంగా మసీదుల మినార్లు. ఇక్కడి నుంచి నది కింద గద్వాల దాకా సొరంగం ఉందని పక్కనున్న పెద్దాయన చెప్పాడు. ఎంతవరకు నిజమో గానీ మా ఆయన ప్రతి గోడనూ తట్టి చూశాడు. ఆ పూట నుంచి ఆయన నడకే మారింది. అంగడిలో కూర్చొని కూర్చొని వంగిన మనిషి తల ఎత్తి చూస్తున్నాడు. సాయంత్రం హంద్రీ నది ఒడ్డున గోల్ గుంబజ్ అనే పాత సమాధి దగ్గర కూర్చుంటే గాలి చల్లగా తగిలింది. ఇంత గొప్ప కట్టడం పక్కన పిల్లలు క్రికెట్ ఆడుకుంటున్నారు.

రెండో రోజు పొద్దున బండి దగ్గర బొరుగుల ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తిని నంద్యాల బస్సెక్కి ఓర్వకల్లు రాళ్ళ తోటకు పోయాం. అరగంట దారి, టికెట్టు చాలా తక్కువ. ముందురోజు వస్తూ బస్సులోంచి చూసి మామూలు గుట్టలే అనుకున్నాను. లోపలికి పోతే ఒక్కో రాయి ఒక్కో రూపం. ఒకటి పడుకున్న ఒంటె, ఒకటి ముసుగేసుకున్న ముసలమ్మ. నడుమ పచ్చటి మడుగు, అందులో ఆ రాళ్ళ నీడలు. పదకొండు దాటితే బండలు కాలతాయి కాబట్టి పెందలాడే పోవడం మంచిది. తిరిగొచ్చి పాతబస్తీలో ఒకామె ఇంటి ముందర నడిపే పూటకూళ్ళలో జొన్నరొట్టె, గుత్తివంకాయ తిన్నాం. ఇద్దరికీ కలిపి నూట అరవై. నేను ఫోటో తీయబోతే ఆమె కసిరింది. "ముందు తినమ్మా! రొట్టె చల్లారితే చెక్క అయితాది. ఫోటో యాడికి పోతాది?"

ఆ మధ్యాహ్నం గదిలో పడుకున్నాం. నాలుగు గంటలకు ఆయన లేచి, మొహం కడుక్కొని, చొక్కా మార్చుకున్నాడు. "పోదాం పా" అన్నాడు. ఎక్కడికని అడిగితే గోడ వైపు చూస్తూ, "ఆ గట్టుకే. ఇంత దూరం వచ్చి చూడకపోతే మా యమ్మ ఊరుకోదు" అన్నాడు.

ఆటో డ్రైవరు ఖాజా. పోను రాను, అక్కడ గంట ఆగడానికి మూడు వందలకు ఒప్పుకున్నాడు. "ఈడికొచ్చినోళ్ళు బురుజు చూసి పోతారు గానీ గట్టు మీదికి శానా తక్కువ మంది పోతారప్పా. మీకు ఎవురు చెప్పినారు?" అన్నాడు. "మా అత్త" అన్నాను నేను. ఊరు దాటి కొండ మలుపులెక్కే కొద్దీ మా ఆయన చేయి సీటు కడ్డీని గట్టిగా పట్టుకుంది.

గుడి ముందర ఆటో దిగాం. పొద్దు వాలుతుంటే రాయి బంగారు రంగుకు తిరిగింది. గోడల మీద దేవతలు, హంసలు, తీగలు. విప్పి తెచ్చి పేర్చారంటే నమ్మలేం. దగ్గరికి పోయి చూస్తే కొన్ని రాళ్ళ మీద రంగుతో వేసిన అంకెలు మాత్రం మసక మసకగా ఉన్నాయి. ఏ రాయి ఏ చోటిదో మరిచిపోకుండా వేసుకున్న గుర్తులవి.

మా ఆయన లోపలికి రాకుండా గుడి చుట్టూ నడుస్తున్నాడు. నేను దండం పెట్టుకొని వచ్చేసరికి వెనక పక్క మోకాళ్ళ మీద కూర్చొని ఉన్నాడు. గోడ అడుగు వరసలో చెక్కిన చిన్న ఏనుగు మీద అరచేయి పెట్టి, "ఇంతే ఉండాదేమే ఇది? నాకు ఎంతో పెద్దదని గుర్తు. దీని మీద ఎక్కాలని ఏడిస్తే మా నాయన నన్ను ఎత్తుకొని పోయినాడు" అన్నాడు.

గుడి ముందర టెంకాయలు, పూలు అమ్మే ముసలామె అది విన్నట్టుంది. దగ్గరికొచ్చి, "ఏమప్పా, యా ఊరు మీది?" అని అడిగింది. ఆ ప్రశ్నకు ఆయన ఎప్పుడూ చెప్పే జవాబు మైదుకూరే. ఈసారి మాత్రం "తుమ్మలపాయ" అన్నాడు.

ఆమె బుట్ట కింద పెట్టేసింది. "అయ్యో, మునక ఊరా! మా యమ్మగారిది దాని పక్కూరే. మీ ఊరికి అంగడికొస్తాంటిమి. ఆరు మెట్లెక్కి పోవాల. శెట్టి శానా మంచోడు, ఉప్పుకు పోయినా బొరుగులు చేతిలో పోసి పంపేటోడు."

మా ఆయన ఏనుగు మీది నుంచి చేయి తీసి, "ఆ శెట్టి మా నాయన" అన్నాడు.

ఆమె ఆయన మొహంలోకి తేరిపార చూసింది. "ఉండాడా?"

"లేడమ్మా. పోయి పద్దెనిమిదేళ్ళు."

"ఊరు తలుచుకుంటాండెనా?"

"ఒక్కనాడూ తలుచుకోలా. మమ్మల్నీ తలవనీలా" అంటూ మా ఆయన ఏడ్చాడు. అత్తమామలు పోయినప్పుడు కూడా నేను చూడని ఏడుపు అది. ముసలామె ఆయన పక్కనే చతికిలబడి, "మెట్లకు ఎదురుగా కంసాలోళ్ళ ఇల్లు గదా?" అని అడిగింది. "కాదు, కంసాలోళ్ళది ఇవతల. ఎదురుగా బావి" అని ఆయన కళ్ళు తుడుచుకుంటూనే సరిదిద్దాడు. ఆ తర్వాత గంటసేపు ఇద్దరూ మట్టిలో గులకరాళ్ళు పేర్చి ఊరు కట్టారు. ఇది రచ్చకట్ట, ఇది రేవు దారి, ఇది మా వంటిల్లు. "చూడు, ఈడ పడుకుంటాంటి నేను" అని నాకు చూపించాడు. ఇరవై ఆరేళ్ళకు నేను మా అత్తగారింట్లో అడుగు పెట్టాను. గంట దాటినా ఖాజా హారన్ కొట్టలేదు. ఆయనా వచ్చి నిలబడి చూస్తున్నాడు.

మూడో రోజు తుంగభద్ర రేవులో కాళ్ళు తడుపుకొని, బజారులో పిల్లలకు ఏవో కొని మధ్యాహ్నం బస్సెక్కాం. దారి పొడవునా ఆయన చెబుతూనే ఉన్నాడు, నేను వింటూనే ఉన్నాను. కర్నూలు నాకు నచ్చింది. చూపించుకోవాలని తాపత్రయపడని ఊరు అది. ఎండిన నది, ఎండిన గుట్టలే అనుకొని వెళ్ళిపోయేవాళ్ళను పోనిస్తుంది, ఆగినవాళ్ళకు మాత్రం దాచుకున్నదంతా ఇస్తుంది. మా ఆయన ఇప్పుడు, మీది ఏ ఊరని ఎవరు అడిగినా రెండు ఊళ్ళ పేర్లు చెబుతున్నాడు.

గట్టుకు పోవాలనుకునేవాళ్ళు సాయంత్రం నాలుగు తర్వాత, పోను రాను ఆటో ముందే మాట్లాడుకొని, నీళ్ళ సీసా వెంట పెట్టుకొని పోండి. మీ ఇంట్లో మునక ఊళ్ళవాళ్ళు ఉంటే వాళ్ళను తప్పకుండా తీసుకుపోండి. ఆటో మాత్రం గంటకు కాదు, రెండు గంటలకు మాట్లాడుకోండి.