కాగు ముందు డిక్షనరీ

ఈ సంగతి తెలుగులో ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. డైరీలో కూడా సగం రాసి పేజీ మడిచేశాను. పెడనలో మా మావయ్య కలంకారీ షెడ్డును నిండా ముంచబోయింది తడి కట్టెలు కాదండీ, నేను.

ఆ రోజు బెంగళూరు నుంచి దుప్పట్లు కొనే మేడం వస్తున్నారు. ఆవిడ ఆర్డరిస్తే షెడ్డులో పని, లేకపోతే నెలంతా తాళం. మావయ్యకు ఇంగ్లీషు రాదు. నాకు వచ్చు, నోరు పెగలదు.

"రంగు గురించి నువ్వే చెప్పాలమ్మడూ," అన్నాడు మావయ్య. "ఆవిడొచ్చేదాకా పొయ్యి మీది రంగు కాగులో గుడ్డ తిప్పుతూ ఉండు. చెయ్యి ఆగిందా, రంగు సమంగా పట్టదు."

ఒక చేతిలో కర్ర, ఇంకో చేతిలో డిక్షనరీ. బాయిల్ దగ్గర మొదలుపెట్టాను. నీళ్ళు బాయిల్ అవుతాయట, కోపమొచ్చిన మనిషీ బాయిల్ అవుతాడట, చివరికి మెడ మీద లేచే సెగ్గడ్డ కూడా బాయిలేనట! సన్నగా మరిగితే సిమ్మర్. కోపం లోలోపల మరిగినా అదే. రుచి మరిగి ఐడిల్‌కి వెళ్ళాను. బద్ధకంగా కూర్చున్నవాడు ఐడిల్, కదలని బండిలో ఇంజను ఆడుతుంటే ఐడిల్, పనిలేని కబుర్లూ ఐడిలే. ఎంత బాగుందో! పేజీ తిప్పడానికి రెండో చెయ్యి కావాల్సొచ్చింది. కర్ర వదిలేశాను.

తల ఎత్తేసరికి ఎర్రటి దుప్పటి మీద దివిసీమ లంకల్లా పాలిపోయిన మచ్చలు తేలి ఉన్నాయి.

"ఏమైందే?" మావయ్య కేక.

"కట్టెలు తడిసినట్టున్నాయి మావయ్యా."

"ఈ ఎండల్లోనా!"

అంతలో మేడం రానే వచ్చారు. తిన్నగా ఆ దుప్పటి దగ్గరికే నడిచి, ఇదేమిటని ఇంగ్లీషులో అడిగారు.

అంతవరకు బస్టాండులో చెడిపోయిన మైకులా ఉన్న నా గొంతు ఉన్నట్టుండి పనిచేసింది. దాచాల్సింది పోయి, మాటిమాటికీ గుండె మీద చెయ్యి పెట్టుకుంటూ నిజమంతా ఇంగ్లీషులో కక్కేశాను. గుడ్డ బాయిల్ అవుతుంటే నేను ఐడిల్ అయ్యానన్నాను. చెయ్యి ఆగితే ఇలా ఉంటుందన్నాను. పక్కనున్న దుప్పటి అంత నిండుగా ఉందంటే గంటలకొద్దీ మా మావయ్య చెయ్యి ఆగకపోబట్టే అన్నాను. ఇరవై నిమిషాలు ఆగకుండా మాట్లాడాను! మేడం పడీ పడీ నవ్వారు. రెండు దుప్పట్లనూ పక్కపక్కన ఫోటో తీసుకుని, అక్కడికక్కడే ఆర్డరు రాసిచ్చారు.

ఆ రాగి కాగు మీద చెయ్యేసి (చల్లారాకే లెండి) ప్రమాణం చేశాను: పొయ్యి మీద గుడ్డ ఉండగా ఇక అక్షరం చదవను, అగ్గిపెట్టె మీద రాసినదైనా సరే.

కారు వెళ్ళిపోయాక మావయ్య మెల్లగా నా దగ్గరికి వచ్చాడు.

"నాకు ఇంగ్లీషు రాదమ్మడూ. కానీ కట్టెల సంగతి చెప్పేవాళ్ళు అన్నిసార్లు తమ గుండె మీద చెయ్యి పెట్టుకోరు. రేపట్నుంచి మాట్లాడే పని నీది, తిప్పే పని నాది."