మిగిలిన కుర్చీ

హాల్లో కుర్చీలు వేసే ఆయన్ని అందరూ వరసలాయన అంటారు. ఒక కన్ను మూసి వరస పొడవునా చూస్తాడు. వంకరగా ఉన్న కుర్చీని మోకాలితో మెల్లగా నెడతాడు. సభ మొదలయ్యాక తుడుపుగుడ్డ భుజాన వేసుకుని తలుపు దగ్గర నిలబడతాడే తప్ప ఏనాడూ కూర్చోడు. "నేనూ కూర్చుంటే వరసలెవడు చూస్తాడు?" అంటాడు. ఆ రోజు మాట్లాడేది ఆయన భార్యే, లెక్కల టీచరు. "రెండు వందల పదకొండు కుర్చీలండీ. ఒకటి తగ్గినా పెరిగినా ఊరుకోను" అని ముందే చెప్పింది. వరసకు పదేసి వేశాడు, ఒకటి మిగిలింది. ఏడేసికి మార్చాడు, మళ్ళీ ఒకటి. పదిహేనేసి వేసినా ఒక కుర్చీ వెక్కిరిస్తున్నట్టు విడిగా నిలబడింది. అప్పటికే జనం మెట్లెక్కుతున్నారు.

"ఏం లెక్కే ఇది? చచ్చినా వరసకు రాదు!" అన్నాడు చెమట తుడుచుకుంటూ.

"రాదండీ, అది ప్రధాన సంఖ్య. ఎన్నేసి వేసినా సమంగా తెగదు. ఇవాళ నేను చెప్పబోయేది అలాంటి వాటి గురించే."

"బాగానే ఉంది. మరి ఈ ఒంటి కుర్చీనేం చెయ్యను?"

"తలుపు దగ్గర వేసుకుని కూర్చోండి. ఇన్నేళ్ళలో నా మాట ఒక్కసారైనా కూర్చుని విన్నారా?"

ఆయన కుర్చీని తలుపు దగ్గరికి మోసుకెళ్ళాడు. ఒక కన్ను మూసి, గుమ్మానికి సరిగ్గా ఉందో లేదో చూసుకుని, అప్పుడు కూర్చున్నాడు.