దీపానికి అడ్డంగా అమ్మ

అన్న పోయాక దినాలు ఇంకా కాకముందే ఆఫీసువాళ్లు ల్యాప్‌టాప్ తిరిగి అడిగారు. అందులో ఉన్నవన్నీ చెరిపేసి, కొత్తగా చేరిన ఇంకొకరికి ఇస్తారు. తప్పు పట్టడానికేమీ లేదు. మాదాపూర్‌లో గుట్టలు పగలగొట్టి ఆఫీసులు కడుతున్న రోజులవి. మనుషులు రోజూ చేరుతున్నారు, యంత్రాలు చాలడం లేదు.

నాకు అందులోంచి కావలసింది ఒక్కటే. ల్యాప్‌టాప్ ఇచ్చిన కొత్తలో అన్న మైకు పనిచేస్తుందో లేదో చూడటానికి ఇంట్లో తన గొంతు రికార్డు చేశాడు. అన్న ఫొటోలు మా దగ్గర ఉన్నాయి. గొంతు ఇంకెక్కడా లేదు.

తీసుకువెళ్లడానికి వచ్చింది అన్న పక్క సీటులో పనిచేసినతను, కోస్తా వైపు మనిషి. బాలానగర్‌లో మా ఇల్లు వెతుక్కుంటూ మధ్యాహ్నం వచ్చాడు. నాకు కావలసింది విని, ఆ ఫైలు ఫ్లాపీలో పట్టదని చెప్పాడు. నాకూ ఆఫీసు ల్యాప్‌టాప్ ఉందని తెలిశాక, రెండింటినీ ఎదురెదురుగా పెడితే తీగ లేకుండానే పంపవచ్చన్నాడు. వాటి అంచున నల్లటి చిన్న అద్దం ఉంటుంది. అందులోంచి కంటికి కనపడని వెలుగు ఒకదాన్నుంచి ఇంకొకదానికి పోతుంది. మధ్యలో ఏదీ అడ్డం ఉండకూడదు.

ప్లగ్గు ముందుగదిలోనే ఉంది, అన్న ఫొటో పక్కన. ఫొటో ముందు దీపం వెలుగుతోంది. చాప మీద రెండు ల్యాప్‌టాప్‌లూ జానెడు దూరంలో పెట్టాం. అతను రెండింటిలోనూ సెట్టింగులు మార్చాడు. ఏది ఇచ్చేది, ఏది తీసుకునేది అని యంత్రం అడిగింది. అన్నది ఇచ్చేది అని చెప్పాడు.

నా ల్యాప్‌టాప్ కూత పెట్టింది. ఇంట్లో మేం పిలిచే పేరే అన్న తన కంప్యూటర్‌కు పెట్టుకున్నాడని నాకు అప్పటిదాకా తెలియదు. తెర మీద ఆ పేరు, దగ్గరలోనే ఉన్నట్టు ఇంగ్లీషులో ఒక ముక్క వచ్చాయి. అతను అలవాటుగా పైకి చదివి, అర్థం తెలుగులో చెప్పబోయి ఆగిపోయాడు. గోడవారన కూర్చున్న అమ్మ పేరు విని తలెత్తింది.

ఇంతలో ఇంకో కూత, కాస్త కింది స్వరంలో. పేరు మాయమైంది. కాసేపటికి మళ్లీ వచ్చింది, మళ్లీ పోయింది. భోజనాల వేళ కాబట్టి వెనక వర్క్‌షాపుల్లో లేత్ మిషన్లు ఆగి ఉన్నాయి. గదిలో ఆ రెండు కూతలే.

"ఎవరు వచ్చిపోతున్నరు బిడ్డా?" అని అమ్మ అడిగింది.

యంత్రం చప్పుడని చెప్పాను.

ఎండ వల్లనేమోనని కిటికీ మూశాం. చీకట్లో దీపం ఇంకా పెద్దగా కనిపించింది. వత్తి రెపరెపలాడినప్పుడల్లా పేరు పోతోందని నాకు అనిపించింది. అతనికీ అనిపించినట్టుంది. మంటలో కూడా అలాంటి వెలుగే ఉంటుందని, అది అడ్డు తగులుతోందేమోనని మెల్లగా అన్నాడు.

"దీపం కాస్త అవతలికి జరపొచ్చాండీ?"

"పదకొండు దినాలు అది కదలద్దు," అంది అమ్మ. "వాడు దాన్ని చూసుకుంటనే వస్తడు."

అతను గడియారం చూసుకున్నాడు. సాయంత్రంలోగా ల్యాప్‌టాప్ అప్పజెప్పాలి. బయట నిలబడతానండి అని చెప్పి వాకిట్లోకి వెళ్లాడు.

అప్పుడు అమ్మ లేచి వచ్చి, దీపానికి వీపు పెట్టి చాప అంచున కూర్చుంది. ఆమె నీడ రెండు ల్యాప్‌టాప్‌ల మీదా పడింది. నా దాంట్లో పేరు వచ్చింది. ఈసారి పోలేదు. ఫైలు ఎంత వచ్చిందో చూపే నీలం గీత చాలా నెమ్మదిగా సాగింది. అమ్మ కదలలేదు. వీపుకు సెగ తగులుతుంటుందని నాకు తెలుసు.

"మాట్లాడుకుంటున్నయా?" అని అడిగింది.

అవునన్నాను.

గీత నిండింది. విందామా అంటే చెయ్యి అడ్డం పెట్టింది.

"ఇప్పుడే పిలవకు. పోయేటోడు ఆగుతడు."

అతను వచ్చి అన్న ల్యాప్‌టాప్ సంచిలో పెట్టుకున్నాడు. గడప దాటుతుండగా చాప మీద నా ల్యాప్‌టాప్ కింది స్వరంలో ఒకసారి కూసింది. అతను వెనక్కి చూడలేదు.

పదకొండో రోజు అయిపోయి, చుట్టాలందరూ వెళ్లాక, అమ్మ వంటింట్లో ఉండగా ఫైలు తెరిచాను. ముందు గరగర శబ్దం. ఎక్కడో గిన్నె చప్పుడు. తర్వాత అన్న గొంతు, చాలా దగ్గరగా.

"అమ్మా, చాయ్ అయిందా?"

"అయితుంది, ఆగు," అంది అమ్మ వంటింట్లోంచి.

ఒక క్షణం తర్వాత ల్యాప్‌టాప్‌లోంచి అమ్మ గొంతే, కొంచెం చిన్న వయసుది, అదే మాట అంది.

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది. నేను ఆపేద్దామని చెయ్యి చాపాను. ఫైలు అప్పటికే అయిపోయింది. అమ్మ రెండు గ్లాసులు పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది. నాకు ఒకటి ఇచ్చింది. రెండోది చాప మీద, ఆ మధ్యాహ్నం అన్న ల్యాప్‌టాప్ ఉన్నచోట పెట్టి, చల్లారేదాకా అక్కడే కూర్చుంది.